సెకండ్‌హ్యాండ్ ఆర్వీ-7 విమానంలో సీటు కదులుతోంది, బిగింపులు ఎంత లోతుగా చెక్ చేయాలి?

టెక్సాస్_గద్ద
వేరే ఆయన కిట్ తెచ్చుకుని ఇంట్లో కట్టుకున్న ఆర్వీ-7ని (రెండు సీట్ల చిన్న విమానం) పోయిన ఏడాది కొన్నాను. టాక్సీ చేస్తూ (నేల మీద నడుపుతూ) బ్రేకులు గట్టిగా తొక్కినప్పుడు పైలట్ సీటు వీపు భాగం పిసరంత వెనక్కి జరుగుతోంది. టక్‌మని చిన్న శబ్దం కూడా వస్తోంది. కుడివైపు సీటులో ఇది లేదు.

వచ్చే నెల కండిషన్ ఇన్‌స్పెక్షన్ (ఏటా చేయించాల్సిన తనిఖీ) ఉంది. పోయినసారి చేసిన మెకానిక్ లాగ్‌బుక్‌లో అంతా బాగుందని రాసి సంతకం పెట్టాడు. నేను పక్కనే ఉన్నాను. ఇంజిన్ దగ్గర సగం రోజు కూర్చున్న మనిషి సీట్ల దగ్గరికొచ్చేసరికి బెల్టు ఒకసారి లాగి వదిలేశాడు. కుషన్ కూడా ఎత్తి చూడలేదు. అడిగితే "సీటుకేముంది చూడ్డానికి" అన్నాడు.

సొంతంగా కట్టుకున్నవాళ్లు, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాళ్లు చెప్పండి. సీటు దగ్గర ఏమేం ఊడదీస్తారు, ఎక్కడెక్కడ చూస్తారు?

రివెట్_రాజా
సీటు వీపుని అడుగుకి కలిపే హింజ్ (బందు) పిన్ అరిగి ఉంటుంది. కొత్త పిన్ వేస్తే పోతుంది.

సియాటిల్_చినుకు
ఆర్వీ-7లో బెల్టులు సీటుకి ఉండవు, ఫ్యూజలాజ్‌కే (విమానం మొండేనికే) ఉంటాయి. సీటు వీపు భాగం మనం ఆనుకోవడానికే. అది ఊడినా బెల్టు మనల్ని పట్టుకుంటుంది. చూడాల్సిందే, కాదనను, కానీ ఇంత టెన్షన్ పడాల్సిన విషయం కాదు.

నల్గొండ_మెకానిక్
చినుకు గారు చెప్పిన మొదటి మాట కరెక్టే, రెండో మాటతో నాకు పేచీ ఉంది. బెల్టు మనిషిని ముందుకు పోకుండా ఆపుతుంది. వెనక్కి పోకుండా ఆపేది సీటు వీపే.

టేకాఫ్ సంగతే తీసుకోండి. ఫుల్ పవర్, ముక్కు పైకి లేచి ఉంది, కాళ్లు రడ్డర్ పెడళ్ల మీద ఉన్నాయి. మీరు పెడల్‌ని ఎంత బలంతో తోస్తే అంత బలమూ మీ వీపు మీదుగా సీటుకే వెళ్తుంది. ఆ క్షణంలో హింజ్ ఊడిందంటే ఒళ్లు వెనక్కి పడుతుంది, చేతిలో స్టిక్ ఉంది కాబట్టి అదీ వెనక్కి వస్తుంది. నేలకి దగ్గర్లో, తక్కువ స్పీడులో ముక్కు ఇంకా పైకి లేస్తుంది. అంటే స్టాల్, రెక్కలకి లిఫ్ట్ పోయి విమానం కిందికి పడిపోవడం. అప్పుడు బెల్టు ఎంత గట్టిగా ఉన్నా మిమ్మల్ని కాపాడలేదు.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. సెస్నా సింగిల్ ఇంజిన్ విమానాల్లో సీటు పట్టాల మీద నుంచి వెనక్కి జారిపోయిన ప్రమాదాలు జరిగాయి. అందుకే అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ 1987లో ఎయిర్‌వర్దినెస్ డైరెక్టివ్ (తప్పనిసరి భద్రతా ఆదేశం) ఇచ్చింది (87-20-03). దాని బదులు 2011లో కొత్తది వచ్చింది (2011-10-09). లాక్ పిన్ దిగే రంధ్రం అరిగి 0.42 అంగుళం దాటితే ఆ పట్టా మార్చాల్సిందే.

సియాటిల్_చినుకు
సెస్నాది పట్టాల సమస్య. ఆర్వీ-7లో పట్టాలే లేవు కదా. పైగా ఆ డైరెక్టివ్ మన హోమ్‌బిల్ట్‌లకు వర్తించదు.

గోదారి_గాలి
వర్తించకపోవచ్చు, కానీ లోహానికి ఆ సంగతి తెలియదు కదా. నేను కట్టుకున్నది ఆర్వీ-10. ముందు సీట్లు పట్టాల మీదే జరుగుతాయి. పిన్ రంధ్రంలోకి పూర్తిగా దిగిందో లేదో కూర్చున్నచోటి నుంచి కనబడదు. అందుకని సీటు సర్దుకున్న ప్రతిసారీ రెండు చేతులతో డాష్ పట్టుకుని ఒంటిని ముందుకీ వెనక్కీ బలంగా ఊపి చూస్తాను. పక్కన కూర్చున్నవాళ్ల చేత కూడా అదే చేయిస్తాను. మా ఆవిడైతే "స్టార్ట్ చేయకముందే ఇన్ని కుదుపులా" అంటుంది.

నల్గొండ_మెకానిక్
గోదారి గారు చేసేది ప్రతి పైలట్ చేయాలి. ఇక గద్ద గారు అడిగినదానికి వస్తాను.

ఎఫ్‌ఏఏ నిబంధనల్లో ఇన్‌స్పెక్షన్ జాబితా ఉండే పార్ట్ 43 అపెండిక్స్ డీలో సీట్లు, బెల్టుల గురించి ఉన్నది ఒక్క లైనే: పరిస్థితి బాగుందా, కనిపించే లోపాలున్నాయా చూడమంటుంది. ఆ లైన్ ఇంత పొట్టిగా ఉంది కాబట్టే అర నిమిషంలో ముగించేవాళ్లు దొరుకుతారు. కుషన్ కింద ఉన్న లోపం కుషన్ తీస్తే కదా కనిపించేది.

నేను చేసే పద్ధతి ఇది. ముందు ఏదీ ఊడదీయను. ఒక మనిషిని కూర్చోబెట్టి బ్రేకులు తొక్కమంటాను. నేను కింద టార్చి పట్టుకుని ఏది దేని మీద కదులుతుందో చూస్తాను. ఊడదీశాక ఆ కదలిక మళ్లీ దొరకదు. తర్వాత కుషన్లు, సీటు వీపు, ఫ్లోర్ ప్యానెళ్లు అన్నీ తీసేస్తాను. వాక్యూమ్ కొట్టేముందు అక్కడ పడి ఉన్నవి చూస్తాను. ఊడిన రివెట్ తల, వాషర్, మెరిసే లోహపు పొడి లాంటివి దొరికితే అవి ఎక్కడివో తేలేదాకా ముందుకు వెళ్లను.

రివెట్ల చుట్టూ నల్లటి మసి చార ఉంటే ఆ రివెట్ కదులుతోందన్నట్టే. అల్యూమినియం అల్యూమినియంతో రాసుకుని వచ్చిన పొడి అది. గుడ్డతో తుడిస్తే పోతుంది, పది గంటలు ఎగిరాక మళ్లీ వస్తుంది.

హింజ్ దగ్గర పిన్ పూర్తిగా బయటికి లాగాలి. పిన్ లోపల ఉండగా కన్నుల (పిన్ దూరే చుట్టల) మొదట్లో ఉండే బీట కనబడదు. పిన్ తీసి, టార్చి ఎదురుగా కాకుండా పక్కనుంచి రేకు మీదుగా వేస్తే వెంట్రుకంత గీత నీడ పడుతుంది. భూతద్దం 10 రెట్లది పెట్టుకోండి. వంచిన రేకు మూల, రంధ్రం అంచు, రెండు రేకులు కలిసే చోటు, ఈ మూడు చోట్లా బీటలు ముందు వస్తాయి.

ఇంకొకటి, పిన్ బయటికి జరగకుండా ఏం ఉంది? సేఫ్టీ వైరు (జరగకుండా కట్టే సన్న తీగ) ఉందా, చివర వంచి ఆపారా? ఏమీ లేకపోతే వైబ్రేషన్‌కి పిన్ మెల్లగా ఒక పక్కకి నడుచుకుంటూ పోతుంది.

కొత్త_బిల్డర్
బెల్టుల వైపు కూడా చెప్పండి సార్. నాది ఇంకా ఫ్యూజలాజ్ దశలోనే ఉంది, ఇప్పుడే సరిగ్గా చేసుకోవచ్చు.

నల్గొండ_మెకానిక్
బెల్టు చివర ఉండే లోహపు లగ్ బోల్టు చుట్టూ తేలిగ్గా తిరగాలి. నేను హోమ్‌బిల్ట్‌లలో ఎక్కువగా చూసే లోపం ఇదే. గట్టిగా ఉండాలని బోల్టు బిగించేస్తారు, లగ్ ఒక కోణంలో ఇరుక్కుపోతుంది. తర్వాత బెల్టు లాగిన ప్రతిసారీ లగ్ వంగుతుంది. మధ్యలో బుషింగ్ (లోహపు గొట్టం ముక్క) వేసి, బిగింపు బుషింగ్ మీద పడేలా చేస్తే లగ్ స్వేచ్ఛగా తిరుగుతుంది. అలా తిరిగే చోట నైలాన్ నట్టు ఒక్కటే నమ్ముకోకండి. క్యాజిల్ నట్టు (తల మీద గాళ్లున్నది) వేసి ఆ గాళ్లలోంచి కాటర్ పిన్ పెట్టండి.

బోల్టు తల మీద గుర్తు చూడండి. ఏఎన్ (విమానాల ప్రమాణం) బోల్టుకి తల మీద నక్షత్రం లాంటి గుర్తు ఉంటుంది. హార్డ్‌వేర్ షాపు బోల్టు కనిపిస్తే, ఎంత మెరిసినా తీసేయండి. మరలున్న భాగం రేకు లోపల ఆనకూడదు, నున్నటి భాగమే ఆనాలి. నట్టు బయట కనీసం ఒక మర కనిపించాలి. చేత్తో తిప్పితే తిరిగిపోయే లాక్ నట్టుని చెత్తబుట్టలో వేయండి.

లెక్కల_మాస్టారు
కొత్త బిల్డర్ గారికి లెక్క చెబుతాను, ఎందుకింత గట్టిగా అంటున్నారో అర్థమవుతుంది. చిన్న సర్టిఫైడ్ విమానాలకు ఎఫ్‌ఏఏ పెట్టిన పార్ట్ 23 పాత నిబంధనల్లో ఎమర్జెన్సీ ల్యాండింగ్‌కి ముందువైపు 9 జీ (బరువుకి తొమ్మిది రెట్ల బలం) లెక్క. మనిషి బరువు 170 పౌండ్లు అనుకుంటే 1,530 పౌండ్లు. సీటు, బెల్టు అతుకుల దగ్గర దాన్ని ఇంకో 1.33తో హెచ్చించాలి. సుమారు 2,035 పౌండ్లు, మన లెక్కలో 920 కిలోల పైమాట. మామూలుగా అందులో 40 శాతం భుజాల బెల్టుకు, మిగతాది నడుం బెల్టుకు వేసి చూస్తారు. అంటే మీ తల వెనక ఉన్న ఆ చిన్న బిగింపు మీద 800 పౌండ్లకు పైనే పడుతుంది.

హోమ్‌బిల్ట్‌లకు ఈ నిబంధన తప్పనిసరి కాదు. కానీ మంచి కిట్ కంపెనీలు దీన్ని దగ్గర పెట్టుకునే డిజైన్ చేస్తాయి. 1988 తర్వాతి సర్టిఫైడ్ డిజైన్లకైతే సీట్లను స్లెడ్ మీద 26 జీ దాకా డైనమిక్ టెస్టు చేయాల్సి వచ్చింది.

పిఠాపురం_పిల్లగాడు
170 పౌండ్లా మాస్టారూ! మన సంఘం ఉగాది భోజనాల తర్వాత ఆ లెక్కలో ఇమిడేవాళ్లని వెతకాలి.

లెక్కల_మాస్టారు
నవ్వుతూ అన్నా పాయింటే అది. 220 పౌండ్ల మనిషి కూర్చుంటే 9 జీకే 1,980 అవుతుంది. మార్జిన్ మొత్తం దాదాపు అక్కడే అయిపోతుంది. మీ అసలు బరువు వేసి లెక్క కట్టుకోండి.

రివెట్_రాజా
అయితే సింపుల్‌గా ఇసుక బస్తాలు కట్టి, చైన్ పుల్లీతో 2,000 పౌండ్లు లాగి చూస్తే సరిపోతుంది కదా. పట్టుకుంటే మంచిది, లేదంటే ముందే తెలుస్తుంది.

లెక్కల_మాస్టారు
దయచేసి ఎగిరే విమానం మీద ఆ పని చేయకండి రాజా గారూ. 9 జీ అన్నది అల్టిమేట్ లోడు, అంటే విరగకుండా ఆగాల్సిన చివరి హద్దు. దాన్ని తట్టుకుంటే చాలు, తట్టుకున్నాక రేకు వంగి ఉండొచ్చు, రంధ్రం సాగి ఉండొచ్చు. మీ టెస్టులో పాసైన అతుకు ఆ తర్వాత పాత బలంతో ఉండదు, అది మీ కంటికి కనిపించనూ కనిపించదు. అదే రేకుతో, అవే రివెట్లతో ఒక నమూనా ముక్క చేసి బెంచ్ మీద లాగండి. తెగేదాకా లాగండి, ఎక్కడ ముందు తెగిందో చూస్తే చాలా నేర్చుకుంటారు.

రివెట్_రాజా
సగం లోడుకైనా లాగి చూడొద్దా? అసలు టెస్టే చేయకుండా నమ్మడం నాకు నచ్చదు.

నల్గొండ_మెకానిక్
చేత్తో బలంగా లాగి, తోసి చూడటం వరకు నేను ఒప్పుకుంటాను. స్ప్రింగ్ త్రాసు తగిలించి 100 పౌండ్లు లాగితే వదులున్నది తెలుస్తుంది, ఏదీ పాడవదు. అంతకు మించి కావాలంటే కిట్ కంపెనీకి ఉత్తరం రాసి, వాళ్లు టెస్టు చేసిన లోడు అడగండి. ఇద్దరు ముగ్గురు బిల్డర్లకి సమాధానం వచ్చింది నాకు తెలుసు.

వెల్డింగ్_బాబాయి
అందరూ రేకు గురించే మాట్లాడుతున్నారు. 4130 స్టీలు ట్యూబు సీటు ఫ్రేములున్నవాళ్లు ఇది చదవండి. పగులు ఎక్కువగా వెల్డింగ్ మధ్యలో కాదు, వెల్డింగ్ అంచు ట్యూబుని కలిసే గీత మీద వస్తుంది. పెయింటు మీద సన్నటి తుప్పు గీత కనిపిస్తే గోరుతో గీకి వదిలేయకండి. పెయింటు తీసి డై పెనెట్రెంట్ చేయండి. ఎర్ర ద్రవం పూసి, డబ్బా మీద రాసినంత సేపు ఆగి, శుభ్రంగా తుడిచి, తెల్ల డెవలపర్ కొట్టండి. పగులుంటే తెలుపులోంచి ఎర్ర గీత దానంతటదే పైకి వస్తుంది.

సీటు ఫ్రేముకి మందపాటి పౌడర్ కోటింగ్ వేయించడం నాకు ఇష్టముండదు. అది సాగుతుంది, కింద లోహం పగిలినా పైన నున్నగానే ఉంటుంది. లేత రంగు పల్చటి పెయింటు చాలు. చెమట, వాన నీళ్లు ఫోములో ఇంకి అడుగు ట్యూబు తుప్పు పట్టడం మన టెక్సాస్, ఫ్లోరిడాల్లో మామూలే. అడుగువైపు అద్దం పెట్టి చూడండి.

ఈజెడ్_ఈశ్వర్
కాంపోజిట్‌వాళ్లం (ఫైబర్‌గ్లాస్ విమానాలవాళ్లం) కూడా ఉన్నాం. లాంగ్-ఈజెడ్‌లో సీటు వీపే బల్క్‌హెడ్ (విమానం ఒంటిలోని అడ్డగోడ), విడిగా సీటంటూ లేదు. బెల్టు బిగింపుల చుట్టూ నాణెంతో తట్టుకుంటూ వెళ్తాను. గట్టి చోట కంగుమంటుంది, పొర విడిపోయిన చోట డొల్లగా పలుకుతుంది. బోల్టు వాషర్ కింద గ్లాస్ నలిగి తెల్లబడిందా అని కూడా చూస్తాను.

మిడ్‌లాండ్స్_మూర్తి
మా యూకే సంగతి వేరు. కట్టిన మనిషి ఎంత పనిమంతుడైనా తన సంతకంతో ఎగరలేడు. లైట్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ ఇన్‌స్పెక్టర్ కట్టేటప్పుడు దశలవారీగా వచ్చి చూస్తాడు, తర్వాత ఏటా పర్మిట్‌కీ చూస్తాడు. ఫ్లోర్ మూసేముందు ఆయన చూసి తీరాలి. ఖర్చు, ఆలస్యం ఉన్నాయి, కానీ రెండో జత కళ్లు పడటం నాకు ఇష్టం.

గోదారి_గాలి
ఇక్కడ అమెరికాలో కూడా ఈఏఏ (హోమ్‌బిల్ట్‌వాళ్ల సంఘం) టెక్నికల్ కౌన్సిలర్లు ఉన్నారు మూర్తి గారూ, స్వచ్ఛందంగా వస్తారు. తప్పనిసరి కాదు కాబట్టి చాలామంది పిలవరు. గద్ద గారూ, మీ చాప్టర్‌లో అడగండి. ఇంకో మాట, కట్టింది మీరు కాదు కాబట్టి కట్టినవాళ్లకిచ్చే రిపెయిర్‌మన్ సర్టిఫికెట్ మీకు రాదు, కండిషన్ ఇన్‌స్పెక్షన్ సంతకం ఏఅండ్‌పీ (లైసెన్సున్న విమాన మెకానిక్) చేత పెట్టించుకోండి. కానీ ఊడదీయడం, బాగుచేయడం మీరే చేసుకోవచ్చు. మీరు అన్నీ తీసి, శుభ్రం చేసి పెట్టి పిలిస్తే మెకానిక్‌కి చూడక తప్పదు.

శంషాబాద్_సాయి
ఇండియాలో ఇలా కట్టుకోవడం కుదురుతుందా? హైదరాబాద్‌లో ఎవరైనా చేస్తున్నారా?

మిడ్‌లాండ్స్_మూర్తి
దారి ఉంది, చాలా పొడుగు దారి. ముంబైలో కెప్టెన్ అమోల్ యాదవ్ ఇంటి మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టి, ఏళ్ల తరబడి తిరిగాక 2019లో డీజీసీఏ (ఇండియా విమానయాన సంస్థ) పర్మిట్ తెచ్చుకున్నారు. వేరే థ్రెడ్ పెట్టండి, అక్కడ మాట్లాడుకుందాం.

టెక్సాస్_గద్ద
నిన్న నల్గొండ గారి వరసలోనే చేశాను. మా అబ్బాయిని కూర్చోబెట్టి బ్రేకులు తొక్కించి నేను కింద పడుకుని చూశాను. ఎడమ సీటు హింజ్ బయటి చివర పైకి లేస్తోంది. పిన్ లాగాను. చివరి కన్నుకి పక్కనే ఉన్న రెండు కన్నుల మొదట్లో బీట ఉంది. ఒకటి సగం దాకా వచ్చేసింది, రెండోది వెంట్రుకంత. పక్కనుంచి టార్చి వేసేదాకా నాకు అది గీత అనే అనిపించలేదు. పిన్‌కి సేఫ్టీ వైరు అసలు లేదు, అర అంగుళం లోపలివైపు జరిగి ఉంది. అందుకే చివరి కన్ను ఖాళీగా ఉండి, బరువంతా పక్కవాటి మీద పడింది.

బెల్టుల దగ్గర లగ్‌లు రెండువైపులా బాగా తిరుగుతున్నాయి. క్రాచ్ స్ట్రాప్ (కాళ్ల మధ్య నుంచి వచ్చే బెల్టు) మాత్రం ఉత్త రేకుకి బోల్టు చేసి ఉంది. అడుగున పెద్ద వాషర్ తప్ప ఇంకేమీ లేదు.

నల్గొండ_మెకానిక్
హింజ్ మొత్తం మార్చండి, రెండు కన్నులు కోసి నడపకండి. కుడివైపుది కూడా పిన్ తీసి చూడండి, అదే చేతులు అదే వారంలో కట్టి ఉంటాయి. రివెట్లు డ్రిల్ చేసేటప్పుడు రంధ్రం పెద్దది కాకుండా జాగ్రత్త. కొత్త రంధ్రం వేయాల్సి వస్తే అంచు నుంచి రివెట్ మందానికి కనీసం రెండింతల దూరం ఉండాలి.

క్రాచ్ స్ట్రాప్ సంగతి వదలొద్దు. రేకుకి ఉన్న బోల్టు లాగితే రేకు చిరుగుతుంది. కింద రిబ్బుకి కలిసేలా డబ్లర్ (బలం కోసం అదనపు రేకు) వేయాలి. కిట్ కంపెనీ డ్రాయింగు తెప్పించుకుని దాని ప్రకారమే చేయండి.

సియాటిల్_చినుకు
హింజ్ విషయంలో గద్ద గారు చూసింది చూశాక నేనూ ఈ వారాంతం నాది తీస్తున్నాను. కానీ ఏటా ఫ్లోర్ ప్యానెళ్లన్నీ ఊడదీయాలన్నదానితో ఇప్పటికీ ఒప్పుకోను. స్క్రూలు పదేపదే తీసి పెడితే నట్‌ప్లేట్లు (రేకు వెనక అతికించిన నట్లు) అరుగుతాయి, వాటి చెవులు పగులుతాయి. సీటు వీపు, కుషన్లు, పిన్ ఏటా తీయాలి. ఫ్లోర్ కిందకి బోర్‌స్కోప్ (సన్న తీగ చివర కెమెరా) పంపితే చాలు, అనుమానం వస్తేనే ప్యానెల్ తీయాలి.

నల్గొండ_మెకానిక్
కొత్తగా కొన్న విమానానికి మొదటి ఏడు అన్నీ తీయాలి. ఆ తర్వాత మీరన్న పద్ధతి నాకూ ఓకే.

కొత్త_బిల్డర్
కుషన్‌కి మెత్తటి సోఫా ఫోము వేయొచ్చా? దూర ప్రయాణాలకి నడుం నొప్పి రాకుండా.

గోదారి_గాలి
వద్దు. మెత్తటి ఫోము గట్టి దెబ్బకి పూర్తిగా అణిగిపోతుంది. ఆ లోపు మీ ఒళ్లు వేగం పుంజుకుని అడుగు రేకుని తాకుతుంది, వెన్నెముక మీద దెబ్బ ఇంకా పెరుగుతుంది. పైగా ఒళ్లు కిందికి దిగిన మేర నడుం బెల్టు వదులవుతుంది. మెల్లగా నొక్కితే దిగి, గట్టిగా కొడితే గట్టిపడే ఫోము వస్తుంది, కాన్‌ఫోర్ లాంటిది. రెండు మూడు రకాల గట్టిదనంలో పొరలుగా వేస్తారు. మంటకి ఎలా కాలుతుందో ముక్క కోసి బయట కాల్చి చూడండి.

కుషన్ ఎత్తు మారితే భుజాల బెల్టు కోణం కూడా మారుతుంది. బెల్టు భుజం మీద నుంచి వెనక్కి అడ్డంగానో, కాస్త పైకో పోవాలి. భుజం కన్నా బాగా కింద బిగించి ఉంటే బెల్టు బిగిసినప్పుడు మనిషిని కిందికి నొక్కుతుంది, ఆ భారం వెన్నెముకే మోస్తుంది.

వెల్డింగ్_బాబాయి
డబ్లర్ వేశాక బోల్టు ఏ సైజు గద్దా? ఏఎన్3 అయితే 20 నుంచి 25 ఇంచ్-పౌండ్లు, ఏఎన్4 అయితే 50 నుంచి 70. లాక్ నట్టు ఉత్తగా తిరిగేటప్పుడే కొంత బిగువు చూపిస్తుంది, దాన్ని ముందు కొలిచి పైన కలుపుకో. బిగించాక టార్క్ సీల్ పెయింటు గీత పెట్టు, వచ్చే ఏడు గీత విరిగిందో లేదో చూస్తే తెలిసిపోతుంది.

టెక్సాస్_గద్ద
ఏఎన్4 బాబాయ్. హింజ్, డ్రాయింగు రెండూ ఆర్డర్ పెట్టాను. అవి వచ్చి అతికేదాకా ఎగరను. కుడి సీటు పిన్ ఇవాళ తీశాను, బీటల్లేవు, కానీ దానికీ సేఫ్టీ వైరు లేదు. ఫ్లోర్ కింద బెల్టు బిగింపుల వెనకవైపు మాత్రం అద్దంతో సరిగ్గా కనబడటం లేదు.

ఫ్రిస్కో_ఫణి
నా దగ్గర పక్కకి తిరిగే కెమెరా ఉన్న బోర్‌స్కోప్ ఉంది. మీ హ్యాంగర్ ఏ ఎయిర్‌పోర్టులోనో మెసేజ్ చేయండి, శనివారం పొద్దున్నే తెస్తాను. సేఫ్టీ వైరు ప్లయర్లు కూడా తేవాలా?